గోడ రంగు ఎవరి కంటికి నచ్చాలి?

ఈమధ్య మా జంగారెడ్డిగూడెంలో ఏ గృహప్రవేశానికి వెళ్ళినా గోడలన్నీ ఒకే రంగులో కనబడుతున్నాయి. హాలుకి యాష్ కలర్, పడకగదికి కాస్త ముదురు యాష్ కలర్, టీవీ వెనక గోడకి ఇంకా ముదురు. పేర్లు మాత్రం రకరకాలు. సిల్వర్ గ్రే అంటారు, స్మోక్ గ్రే అంటారు, స్లేట్ గ్రే అంటారు. తెలుగులో చెప్పుకుంటే అన్నీ బూడిదరంగులే. పాత ఇళ్ళకు రంగులు మార్పించేవాళ్ళు కూడా లేత పసుపు, గులాబి, పిస్తా రంగులు తీసేసి ఇదే వేయించుకుంటున్నారు.

వేయించుకోకూడదా అంటే, శుభ్రంగా వేయించుకోవచ్చు. ఆ రంగు మీద నాకు పగేమీ లేదు. కానీ "ఎవరు ఎంచారండీ ఈ రంగు?" అని ఆ ఇంటి ఇల్లాలిని అడిగితే వచ్చే జవాబే నన్ను ఆలోచనలో పడేసింది. "మా అబ్బాయి ఫోన్లో చూపించాడండీ", "మేస్త్రీ ఇదే బాగుంటుందన్నాడు", "ఆయనకు నచ్చింది". "నాకు నచ్చింది" అన్న మాట చాలా అరుదుగా వినబడుతోంది. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఆ గోడల మధ్య తిరిగేది ఆవిడ. గోడకి ఏ రంగు వెయ్యాలన్న చివరి మాట మాత్రం ఆవిడది కాదు. ఇదేమంత పెద్ద విషయమని కొందరికి అనిపించవచ్చు. పెద్ద విషయమే అంటాను నేను.

ఎందుకీ మోజు?

ఈ రంగు మన ఊరిదాకా ఊరికే రాలేదు. అమెరికాలో పాంటోన్ అనే రంగుల సంస్థ ఏటా ఒక రంగును ఆ సంవత్సరపు రంగుగా ప్రకటిస్తుంది. 2021కి బూడిదరంగుని, దానికి జతగా పసుపుని ప్రకటించింది. లండన్‌లో సైన్స్ మ్యూజియం వారి దగ్గరున్న వస్తువుల్లో 7,000కు పైగా వాటి ఫొటోలను కంప్యూటర్‌తో పరిశీలించి 2020లో ఒక సంగతి బయటపెట్టారు. పాత వస్తువుల నుంచి కొత్త వస్తువుల దాకా చూసుకుంటూ వస్తే బూడిదరంగు పాలు పెరుగుతూ వచ్చిందట. కర్రతో చేసే వస్తువులు తగ్గి, ప్లాస్టిక్కు, ఉక్కు ఎక్కువ కావడం దానికొక కారణమన్నారు. అంటే ప్రపంచమంతా కొద్దికొద్దిగా ఈ రంగులోకి దిగుతోంది. మనమూ దిగుతున్నాం.

మన రాష్ట్రంలో ఇంకో కారణం కూడా ఉంది. పైకి ఎవరూ అనరు గానీ లోపల అందరికీ తెలుసు. పసుపు వేస్తే ఒక పార్టీ వాళ్ళంటారు. నీలం, ఆకుపచ్చ కలిపి వేస్తే ఇంకో పార్టీ వాళ్ళంటారు. పంచాయతీ ఆఫీసులకు వేసిన పార్టీ రంగులు తీసెయ్యమని 2020లో హైకోర్టు చెప్పడం, ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళడం మనం చూశాం. రంగుల్ని పార్టీలు పంచేసుకున్నాక మామూలు మనిషి ఏం చేస్తాడు? ఎవరిదీ కాని రంగు వెతుక్కుంటాడు. బూడిదరంగు ఎవరిదీ కాదు.

మూడో కారణం మేస్త్రీలు చెప్పేది. "మాసినా కనబడదండీ అమ్మగారూ" అంటారు. ఈ మాట సంగతి తర్వాత చెబుతాను.

బూడిద అంటే అశుభమా?

ఇంట్లో పెద్దవాళ్ళుంటే వెంటనే అడ్డుతగులుతారు. "కొత్తింటికి బూడిద పూస్తారా ఎవరైనా?" అంటారు. వాళ్ళ మాటని నేను కొట్టిపారెయ్యను గానీ ఒప్పుకోను కూడా. నుదుటన పెట్టుకునే విభూతి బూడిదే కదా. కచ్చికతో పళ్ళు తోముకుని, బూడిదతో అంట్లు తోముకుని పెరిగిన వాళ్ళమే మనం. చీరల కొట్లో అదే రంగుని మబ్బురంగు అని చూపిస్తే ముచ్చటపడి కొనుక్కుంటాం. గోడ దగ్గరికి వచ్చేసరికి ఆ రంగు చెడ్డదెలా అవుతుంది?

కాబట్టి శకునం చూసి వద్దనడం నా ఉద్దేశం కాదు. నేను చూడమనేది వెలుతురు.

ఫొటోలో ఇల్లు వేరు, మన ఇల్లు వేరు

ఫోన్లో మనం చూసే బూడిదరంగు హాళ్ళకు గోడంత కిటికీలుంటాయి. బయట పచ్చిక, లోపల తెల్ల సీలింగు, సామాను తక్కువ. మన దగ్గర రెండొందల గజాల్లో ఇల్లు కడితే పక్కింటి గోడకీ మన గోడకీ మధ్య మనిషి నడిచేంత సందు ఉంటే గొప్ప. ఉన్న కిటికీకి దోమతెర, దాని మీద కర్టెను. ఎండాకాలం పొద్దున పదింటికే తలుపులు, కిటికీలు బిగించుకుని కూర్చుంటాం. మధ్యగదికైతే చాలా ఇళ్ళలో బయటి వెలుతురు తగిలే దారే ఉండదు.

గోడకి వేసే ప్రతి రంగూ తన మీద పడ్డ వెలుతురులో కొంత మింగి, కొంత తిరిగి గదిలోకి పంపుతుంది. మంచి తెల్లరంగు నూటికి 80 పాళ్ళు, అంతకు పైన కూడా తిరిగి పంపుతుంది. లేత బూడిదరంగు 60 పాళ్ళ చుట్టుపక్కల ఉంటుంది. మధ్యరకం బూడిద 40 పాళ్ళకు దిగిపోతుంది. బొగ్గు లాంటి ముదురు బూడిదైతే 10 పాళ్ళు పంపితే ఎక్కువ. కొన్ని కంపెనీల రంగుల పుస్తకాల్లో ప్రతి రంగు దగ్గరా ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. అది ఇదే. అడిగితే కొట్టువాళ్ళు చూపిస్తారు.

ఈ లెక్కని మన ఇంట్లో పెట్టి చూడండి. అసలే వెలుతురు చాలని గదికి సగానికి పైగా మింగే రంగు వేస్తే ఏమవుతుంది? మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకోవాలి. పిల్లలు పుస్తకం పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చి కూర్చోవాలి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది, సూదిలో దారం ఎక్కించాలంటే ఎక్కువ వెలుతురు కావాలి. సాయంత్రం ఇంటికొచ్చి లైట్లన్నీ వేసుకుని టీవీ చూసే వాళ్ళకి ఈ ఇబ్బంది తెలియదు. పగలంతా ఇంట్లో ఉండే మనిషికే తెలుస్తుంది. అందుకే అంటున్నాను, ఎక్కువసేపు ఎవరుంటారో వాళ్ళ కన్ను ఒప్పుకోవాలని.

దిక్కుని బట్టి కూడా ఈ రంగు మారిపోతుంది. వాస్తు కోసం మనం ఎక్కువగా తెరిచి ఉంచేవి తూర్పు, ఉత్తరం దిక్కులు. ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువ రోజులు నేరుగా ఎండ రాదు, ఆకాశపు వెలుతురే వస్తుంది. అందులో నీలం పాలు ఎక్కువ. కార్డు మీద ముద్దుగా కనబడిన బూడిదరంగు ఆ గదిలో నీలంగా, చల్లగా, ఆస్పత్రి వార్డులా కనబడుతుంది. పడమటి గదిలో అదే రంగు సాయంత్రపు ఎండకి మట్టిరంగులోకి తిరుగుతుంది.

రాత్రి సంగతి ఇంకోలా ఉంటుంది. 2015లో ఉజాల పథకం వచ్చాక ఎల్ఈడీ బల్బు లేని ఇల్లు లేదు. ఆ బల్బుల డబ్బా మీద 6500 అని రాసి ఉంటే తెల్లటి, చల్లటి వెలుతురు. 3000 అని ఉంటే పాతకాలం బల్బు లాంటి పసుపు వెలుతురు. మన ఇళ్ళలో ఎక్కువగా వాడేది మొదటి రకం. దాని కింద నీలి బూడిద గోడ మరీ పాలిపోతుంది, గోడతోపాటు మన మొహాలూ.

జాకెట్టు ముక్క కొనే తెలివి

ఫ్రాన్సులో షెవ్రోల్ అని ఒక రసాయన శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. పారిస్‌లో గోబెలిన్ అనే పేరుపడ్డ నేత కార్ఖానాలో అద్దకం పనులు ఆయన చూసేవాడు. నల్లరంగు దారం సరిగా నల్లగా ఉండడం లేదని ఆయన దగ్గరికి ఫిర్యాదులు వచ్చాయి. పరీక్ష చేసి చూస్తే దారంలో తప్పేమీ లేదు. పక్కన నేసిన రంగుల వల్ల కంటికి అలా కనబడుతోంది, అంతే. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి ఎలా మార్చేస్తాయో వివరిస్తూ 1839లో ఆయన పెద్ద పుస్తకమే రాశాడు. అన్నిటికంటే తేలిగ్గా మోసపుచ్చేది బూడిదరంగే. ఎరుపు పక్కన పెడితే పచ్చగా కనబడుతుంది. పసుపు పక్కన పెడితే నీలంగా, ఊదాగా కనబడుతుంది.

ఇప్పుడు మన ఇల్లు చూసుకోండి. గడపకి పసుపు, టేకు తలుపుకి ఎర్రటి పాలిషు, గుమ్మానికి మావిడాకులు, నేల మీద గోధుమరంగు టైల్సు. వీటన్నిటి మధ్య ఆ బూడిదరంగు కార్డులో ఉన్నట్టు ఉంటుందా?

ఈ సంగతి తెలుసుకోవడానికి మనకి షెవ్రోల్ పుస్తకం అక్కర్లేదు. మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్తే మనం ఏం చేస్తాం? జాకెట్టు ముక్కని చీర మీద పరిచి చూస్తాం. ట్యూబులైటు కింద నమ్మం. "ఒక్క నిమిషం బాబూ" అని చీర, ముక్క రెండూ వీధిలోకి తెచ్చి ఎండలో చూస్తాం. అరగజం గుడ్డ కోసం నాలుగు కొట్లు తిరుగుతాం. మగవాళ్ళు నవ్వుతారు గానీ రంగుల పరీక్ష అంటే అదే. అంత తెలివి మన దగ్గర ఉంటే, వేలకి వేలు పోసి కొనే గోడల రంగు దగ్గర మాత్రం "మీ ఇష్టమండీ" అని ఎందుకు ఊరుకుంటున్నాం?

మాసినా కనబడదు సరే, పని తప్పిందా?

ఇప్పుడు మేస్త్రీ మాట దగ్గరికి వద్దాం. మాసినా కనబడదన్నది మా ఊళ్ళో అసలే నిజం కాదు. ఇది మెట్ట ప్రాంతం, ఎర్రనేల. పొగాకు తోటల మీదుగా, ఆయిల్ పామ్ తోటల మీదుగా వచ్చే గాలిలో ఎర్రదుమ్ము ఉంటుంది. బూడిదరంగు గోడ మీద అది తుప్పు మరకలా కనబడుతుంది. వానాకాలం గోడకి చెమ్మెక్కి ఉప్పు పైకి పొంగితే తెల్లటి చారలు పడతాయి. తెల్లగోడ మీద కనబడని ఆ చారలు ముదురు గోడ మీద దూరం నుంచే కనబడతాయి.

సరే, కొంత మాపు కనబడదనే అనుకుందాం. పిల్లల చేతి మరకలు, తాలింపు పొగ కొన్నాళ్ళు దాగుతాయి. దాంతో మన పని తగ్గుతుందా? దుమ్ము ఉన్నచోటే ఉంటుంది, తుడవాల్సిందీ మనమే. కాకపోతే తుడిచాక తేడా కూడా కనబడదు. చేసిన పని కూడా ఎవరికీ కనబడకుండా పోతుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్ళు ఆ పనికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారని, ఇంటిపని చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఇద్దరి లెక్కా దగ్గరికి రావాలంటే తుడిచే గుడ్డ ఇంకో చేతికి కూడా అందాలి. ఆ పని గోడ రంగు చెయ్యలేదు. మాపు కనబడితేనే నయం, ఇంట్లో మిగతావాళ్ళకీ కనబడుతుంది.

వంటింటి విషయంలో ఇంకో మాట. చెమ్మ, బూజు దాగిపోవడం మంచిది కాదు. మొదట్లోనే కనబడితే పైపు కారుతోందో, స్లాబు నెమ్ముతోందో చూసి బాగుచేయించుకోవచ్చు. దాచిపెట్టే రంగు వేసుకుంటే పెచ్చులూడే దాకా తెలియదు.

ఒకప్పుడు ఈ పని మనదే

మన అమ్మమ్మల కాలంలో గోడ రంగు ఎవరు నిర్ణయించేవారు? సంక్రాంతి వస్తోందంటే గుల్ల సున్నం నానబెట్టి, వడగట్టి, అందులో ఇంత నీలిమందు కలిపి గోడలకు వెల్ల వేసేవారు. ఎంత నీలిమందు పడితే తెలుపు మెరుస్తుందో, ఎంత పడితే గోడ నీలమైపోతుందో ఇంట్లో ఆడవాళ్ళకే తెలుసు. గోడ అడుగున జాజుపట్టీ, అరుగు మీద పేడ అలుకు, దాని మీద ముగ్గు వాళ్ళ చేతి మీదుగానే జరిగేవి. ఇప్పటికీ బుట్టాయగూడెం వైపు కోయ గూడేల్లో మట్టిగోడలు అలికేది ఆడవాళ్ళే. పైగా సున్నానికి క్రిముల్ని, బూజుని అణిచే గుణం ఉంది. ఏటా వెల్ల వెయ్యడం అందానికే కాదు, ఆరోగ్యానికీ పనికొచ్చేది.

తర్వాత స్నోసెం వచ్చింది, డిస్టెంపరు వచ్చింది, ఇప్పుడు ఎమల్షన్లు వచ్చాయి. మనకి నడుం నొప్పి తప్పింది, సంతోషమే. వెల్ల కాలం మళ్ళీ రావాలని నేను కోరుకోవడం లేదు. కానీ దీంట్లో ఒకటి జరిగిపోయింది. రంగు వెయ్యడం చాకిరీగా ఉన్నన్నాళ్ళూ అది ఆడవాళ్ళ వ్యవహారం. డబ్బు పెట్టి కొనే సరుకు కాగానే కొట్టుకి వెళ్ళే వాళ్ళది, మేస్త్రీతో బేరమాడే వాళ్ళది అయిపోయింది. చాకిరీతోపాటు ఎంపిక కూడా మన చేతిలోంచి జారిపోయింది. "వంటింటికి నీకు నచ్చింది వేయించుకో" అని ఒక గది మాత్రం మనకి వదులుతున్నారు.

2020 డిసెంబరు 25న మన రాష్ట్రంలో మొదలైన ఇళ్ళ స్థలాల పంపిణీలో పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. కాగితం మీద పేరుంటే చాలదు. ఆ ఇంట్లో ఏం జరగాలన్నా ఆవిడ మాటకి విలువ ఉండాలి. గోడ రంగు దగ్గరే మాట చెల్లనివాళ్ళకి రేపు ఇల్లు తాకట్టు పెట్టే దగ్గర, అమ్మే దగ్గర చెల్లుతుందా?

ఎంచుకోవడం ఎలా?

బూడిదరంగే నచ్చిందనుకోండి. అప్పుడు ఇలా చెయ్యండి. కార్డు మీద అగ్గిపెట్టంత ముక్క చూసి ఒప్పుకోవద్దు. నచ్చిన రెండు, మూడు రంగుల్ని చిన్న డబ్బాల్లో తెప్పించి, పెద్ద డ్రాయింగు షీట్లకి రెండు కోటింగులు వేయించండి. పాత గోడ మీద నేరుగా వేస్తే పాత రంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది. షీటు ఆరాక అన్ని గోడలకీ మార్చి మార్చి ఆనించి చూడండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి లైటు కింద, ఒకసారి కరెంటు పోయినప్పుడు కూడా. మూడు నాలుగు రోజులు అలా ఉంచితే కన్ను తనే తేల్చేస్తుంది.

తెల్లకాగితం పక్కన పెట్టి చూస్తే ఆ బూడిదలో ఏ ఛాయ దాగుందో బయటపడుతుంది. నీలమా, పచ్చా, ఊదా, గోధుమా? వెలుతురు తక్కువున్న ఉత్తరపు గదికి కాస్త గోధుమ ఛాయ ఉన్న బూడిద నయం. ఎండ బాగా పడే గదికి చల్లటి ఛాయ బాగుంటుంది. కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి, నాలుగు గోడలకీ వేశాక రంగు ముదురుగానే అనిపిస్తుంది. సీలింగు తెల్లగా ఉంచండి. ముదురు రంగు మీద అంతగా మనసైతే కిటికీకి ఎదురుగోడకి కాకుండా, కిటికీ ఉన్న గోడకే వేయించండి. ఎదురుగోడ వెలుతురు పంచే గోడ, దాన్ని లేతగా ఉంచాలి.

లప్పం సరిగా పెట్టకపోతే మెరుపు రంగు ప్రతి గతుకునీ చూపిస్తుంది. పిల్లలున్న ఇంట్లో తడిగుడ్డతో తుడవగల రకం అడగండి. డబ్బా మీద రంగు నంబరు ఉన్న కాగితాన్ని ఫొటో తీసి దాచుకోండి. మరమ్మతుకి మళ్ళీ అదే రంగు కలిపించాలంటే అది కావాలి.

ఇంత చూశాక కూడా బూడిదరంగే మీ మనసుకి హాయిగా ఉంటే, నిక్షేపంగా వేయించుకోండి. ఎవరేమన్నా పట్టించుకోవద్దు. లేదూ, లేత పసుపో, గంధం రంగో, పాత వెల్ల లాంటి తెలుపో కావాలనిపిస్తే "ఇప్పుడది ఫ్యాషన్ కాదండీ" అన్న మాటకి జంకవద్దు. ఒకసారి రంగు వేయిస్తే అయిదారేళ్ళు దాన్నే చూస్తూ బతకాలి. అన్నాళ్ళు రోజూ చూడాల్సింది మీరు కాబట్టి షేడ్ కార్డు ముందు మీ చేతికి ఇమ్మని అడగండి. అడగడానికి మొహమాటం దేనికి?